ఓవర్‌హాల్ అయిన పాత చాంప్: మొదటి ఫ్లైట్ ఓనరే చేయాలా, వేరేవాళ్ళతో చేయించాలా?

గోదారి_గాలి
నాది 1946 ఏరోంకా 7ఏసీ చాంప్, రెండు సీట్ల చిన్న విమానం. చలికాలమంతా హ్యాంగర్లో ముక్కలు ముక్కలుగా పడి ఉంది. కాంటినెంటల్ ఏ-65 ఇంజిన్ మేజర్ ఓవర్‌హాల్ అయింది, రెండు రెక్కలకీ పాత బట్ట పీకేసి కొత్త ఫ్యాబ్రిక్ వేయించాను. రెక్కలు బిగించేశారు, మెకానిక్ లాగ్‌బుక్కుల్లో సంతకాలు పెట్టేసి "ఇక నీదే ఆలస్యం" అన్నాడు.

సమస్య ఏమిటంటే నేను టెయిల్‌వీల్ (చాంప్ లాగా తోక కింద చక్రం ఉండే విమానం) ముట్టుకుని ఏడాది దాటింది. మధ్యలో ముక్కు కింద చక్రం ఉండే క్లబ్బు సెస్నా 172 అప్పుడప్పుడూ నడిపాను, అంతే. మా ఫీల్డ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, చాంపుల్లోనే జీవితం గడిపిన మనిషి. "మొదటి రౌండ్ నేను తిప్పుతాలే" అంటున్నాడు. నాకేమో ఇంత డబ్బు పోసి, ఇన్ని నెలలు కాపలా కాసి, మొదటిసారి వేరేవాడు ఎగరేస్తుంటే కింద నిలబడి చూడాలంటే మనసొప్పడం లేదు.

దానికితోడు మా మామయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. వెళ్ళేలోగా ఆయన్ని ఎక్కించాలని ఇంట్లో ఒకటే పోరు. మీరైతే ఏం చేస్తారు?

రెంచి_రాజు
మామయ్యగారి సంగతి ముందు తేల్చేద్దాం. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన శాఖ) రూల్ 91.407 చదువు. విమానం ఎగిరే తీరు మారేంత పని జరిగితే, కనీసం ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉన్నవాడు ఒకడు దాన్ని ఎగరేసి, చేసిన పని సరిగ్గా ఉందో లేదో చూసి, విమానం రికార్డుల్లో రాసేదాకా సిబ్బంది తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. రెండు రెక్కలూ, ఇంజిన్ చేయించావు. ఇంతకంటే పెద్ద పని ఏముంటుంది? అల్లుడైనా సరే, మామ మొదటి ఫ్లైట్‌లో ఉండటానికి లేదు.

పక్క_సీటు
మామగారిని మొదటి ఫ్లైట్‌లో కూర్చోబెట్టాలనుకునే అల్లుణ్ణి ఇప్పుడే చూస్తున్నా 😄

గోదారి_గాలి
మొదటి ఫ్లైట్ అనలేదమ్మా, "వెళ్ళేలోగా" అన్నాను!

నల్లకాకి_46
నువ్వే ఎగరెయ్ అన్నా. నా లస్కోంబ్ (ఇదీ పాత టెయిల్‌వీల్ విమానమే) ఇంజిన్ మార్చినప్పుడు నేనే తీశాను. మన విమానం చప్పుడు మనకు తెలిసినంత ఇంకొకడికి తెలియదు. చిన్న తేడా వచ్చినా ముందు మనకే తెలుస్తుంది. పెద్దాయన ఎంత అనుభవం ఉన్నవాడైనా నీ చాంప్ ఆయనకి పది చాంపుల్లో ఒకటి.

తోక_చక్రం
కాకి గారూ, మీరు లస్కోంబ్ తీసిన రోజుకి మీ చేయి ఆడుతూనే ఉంది కదా? ఇక్కడ అది లేదు.

నేను ఇన్‌స్ట్రక్టర్‌ని, టెయిల్‌వీల్ నడపొచ్చని ఎండార్స్‌మెంట్లు (అనుమతి సంతకాలు) ఇస్తుంటాను. నా లెక్క ఒకటే. విమానం కొత్తగా విప్పి బిగించింది, పైలట్ తుప్పు పట్టినవాడు. ఈ రెండు తెలియని విషయాల్నీ ఒకే రోజు, ఒకే రన్‌వే మీద కలపకూడదు. ఏదో ఒకటి తెలిసినదై ఉండాలి. టేకాఫ్‌లో ఇంజిన్ కాస్త తడబడిందనుకోండి. చేయి ఆడుతున్నవాడు ముక్కు దించి, ఎదురుగా ఉన్న చేలో దిగిపోతాడు. ఏడాది తర్వాత కూర్చున్నవాడు ముందు పాదాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటాడు. చాంప్‌లో బ్రేకులు మడమలతో తొక్కాలి, 172 అలవాటుతో వేళ్ళు పైకి పోతాయి.

పెద్దాయన ఎగరేస్తానంటే దణ్ణం పెట్టి ఒప్పుకోండి. ఆ లోపు మీరు ఇంకో టెయిల్‌వీల్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో చేయి వదులు చేసుకోండి.

డాలస్_చిన్నోడు
అదే ఇన్‌స్ట్రక్టర్‌ని తీసుకుని మొదటి ఫ్లైట్‌కే ఇద్దరూ వెళ్తే? ఇన్‌స్ట్రక్టర్ సిబ్బంది కింద లెక్క కదా, రూల్ ఒప్పుకుంటుంది.

రెంచి_రాజు
రూల్ మాట పక్కన పెట్టు. 65 గుర్రాల ఇంజిన్, విమానం మొత్తం బరువు 1220 పౌండ్లు దాటకూడదు. ఇద్దరు పెద్ద మనుషులూ, 13 గ్యాలన్ల పెట్రోలూ ఎక్కితే ఆ హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. పైగా కొత్త ఫ్యాబ్రిక్, దాని మీద రంగు ఎన్ని కోట్లు కొట్టారో దాన్ని బట్టి ఖాళీ బరువు కూడా మారుతుంది. మళ్ళీ తూకం వేయించారా? ఆ కాగితం విమానంలో ఉందా? మొదటి ఫ్లైట్‌కి ఒక్క మనిషి, అవసరమైనంత పెట్రోలు, అంతే. ఒంటరిగా అయితే చాంప్‌లో ముందు సీట్లోంచే కదా, అదీ సుఖం.

గోదారి_గాలి
తూకం అయింది రాజు గారూ. పాత కాగితం కన్నా కాస్త పెరిగింది. పెద్ద పనులకి ఎఫ్‌ఏఏకి పంపే ఫారం 337 కూడా రెక్కల పనికి నింపి పంపారు.

ఒక సందేహం. ఎగరేసే ముందు నేల మీదే ఓ గంటో రెండు గంటలో ఇంజిన్ నడిపితే మంచిది కదా? అన్నీ సర్దుకుంటాయి, నాకూ కాస్త ధైర్యం వస్తుంది.

మబ్బుల_మల్లేశం
కచ్చితంగా నడపాలి. మా ఊళ్ళో బండికి రీబోర్ చేయిస్తే కొన్నాళ్ళ దాకా 40 దాటించొద్దనేవాడు మెకానిక్. ఇదీ అంతే. మెల్లగా, తక్కువ స్పీడులో, నేల మీద.

రెంచి_రాజు
మల్లేశం, ఆపు ఆపు ఆపు. విమానం ఇంజిన్‌కి సరిగ్గా దీనికి ఉల్టా.

కొత్త సిలిండర్ లోపలి గోడ నున్నగా ఉండదు. సన్నటి అడ్డగీతలు గీసి ఉంటాయి, వాటిలో నూనె నిలవాలని. పిస్టన్ రింగులు ఆ గోడకి గట్టిగా ఒత్తుకుని, ఒకదాన్నొకటి అరగదీసుకుంటేనే రింగులు కూర్చుంటాయి. ఒత్తేది ఏమిటి? మంట పుట్టించే ప్రెషర్. అది ఎక్కువ పవర్‌లోనే వస్తుంది. నేల మీద నెమ్మదిగా తిప్పుతూ కూర్చుంటే రింగులు గోడకి ఆనవు, మధ్యలో ఉన్న నూనె మాడి గోడ మీద గాజులా పూత కడుతుంది. ఒకసారి ఆ పూత కట్టిందా, ఇక రింగులు జన్మలో కూర్చోవు. ఇంజిన్ నూనె తాగుతూనే ఉంటుంది. మళ్ళీ సిలిండర్లు ఊడదీసి గీతలు గీయించుకోవాల్సిందే.

ఇంకోటి, ఇది గాలితో చల్లబడే ఇంజిన్. నేల మీద నిలబడి ఉంటే దానికి తగినంత గాలి తగలదు.

అందుకని: స్టార్ట్ చేసే ముందు నూనె లోపలంతా పట్టేలా ప్రీ-ఆయిల్ చెయ్యి. స్టార్ట్ చెయ్యి, ఆయిల్ ప్రెషర్ వచ్చిందో లేదో చూడు. అర నిమిషంలో రాకపోతే కట్టెయ్. కాసేపు నడిపి ఆపు, కౌలింగ్ (ఇంజిన్ మీది రేకు మూత) విప్పి కారుతోందేమో చూడు. మళ్ళీ ఒకసారి, మ్యాగ్నెటోలు (ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి) చూసుకోడానికి. అంతే. తర్వాత ఎగరాలి. ఎగిరాక ముప్పాతిక పవర్‌కి తగ్గకుండా నడపాలి, మరీ పైకి పోకూడదు, ఎందుకంటే పైన గాలి పల్చన, ఆ పవర్ రాదు.

నూనె మాత్రం డిటర్జెంట్ లేని మామూలు మినరల్ నూనె. ఎంత తాగుతోందో ప్రతి ఫ్లైట్‌కీ రాసుకో. తాగడం తగ్గి ఒక లెక్కలో నిలబడ్డాక యాష్‌లెస్ డిస్పర్సెంట్ (బూడిద మిగల్చని, మురికిని పేరుకోనివ్వని) నూనెకి మారొచ్చు. ఏ-65 సంప్‌లో పట్టేదే 4 క్వార్టులు, కాబట్టి మొదట్లో చూసుకోకుండా దూరాలు పోకు.

మబ్బుల_మల్లేశం
సరే అన్నా, నేను బండ్ల దగ్గరే ఆగిపోతా 🙏

పక్క_సీటు
"65 గుర్రాలు" అంటే మా ఆయన కారులో ఏసీకే అంత లాగుతుందేమో.

డాలస్_చిన్నోడు
చాంప్‌లో సెల్ఫ్ స్టార్ట్ కూడా లేదు మేడం. ప్రొపెల్లర్ చేత్తో తిప్పాలి.

పక్క_సీటు
చేత్తోనా?! మామగారిని తీసుకెళ్ళేది అందుకా?

తోక_చక్రం
నవ్వులాటకి అన్నా, ఆ మాట నిజంగా చెప్పాలి. చేత్తో తిప్పేటప్పుడు లోపల థ్రాటిల్ దగ్గర తెలిసిన మనిషి ఉండాలి. ఉన్నా లేకపోయినా తోక తాడుతో కట్టి, చక్రాలకి అడ్డాలు పెట్టాలి. ఓవర్‌హాల్ తర్వాత థ్రాటిల్ కేబుల్ సర్దుబాటు మారి ఉంటుంది. "క్లోజ్" అనుకున్నది క్లోజ్ కాకపోవచ్చు.

బేగంపేట_బాబాయి
ఈ చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. మా రోజుల్లో బేగంపేటలో ఫ్లయింగ్ క్లబ్బు పుష్పక్‌ల మీద పనిచేశాను. పుష్పక్ అంటే కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. హెచ్‌ఏఎల్ వాళ్ళ రెండు సీట్ల విమానం, ఘాటగే గారి డిజైన్, 1958లో మొదటిసారి ఎగిరింది. మీ చాంప్ ఉందే, దాని తోబుట్టువు ఏరోంకా చీఫ్ పోలికే అంతా. 90 గుర్రాల కాంటినెంటల్. అందుకే ఈ జాతి సంగతి నాకు కాస్త తెలుసు.

బాబూ, రెక్కలకి కొత్త గుడ్డ వేశారన్నావు. ఒకసారి రెక్క కింద పడుకుని వెనక అంచు వెంబడి చూడు. అడుగున చిన్న చిన్న ప్లాస్టిక్ రింగులు అతికించి ఉంటాయి, నీళ్ళు కారిపోవడానికి. రింగు అతికిస్తారు, దాని మధ్యలో గుడ్డని కాల్చి కన్నం చేయడం మర్చిపోతారు. పైనుంచి చూస్తే అంతా ముద్దొచ్చేట్టు ఉంటుంది. వాన నీరూ, మంచు చెమ్మా లోపలే ఉండిపోయి కొయ్య స్పార్ (రెక్క లోపలి దూలం) పుచ్చిపోతుంది. ఇలాంటివి నేను చాలా చూశాను.

రెండోది కంట్రోల్సు. రెక్కలు ఊడదీసి బిగించారంటే అయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కేబుళ్ళు విప్పి మళ్ళీ కలిపారన్నమాట. "కదులుతున్నాయి" అంటే చాలదు, ఎటు కదులుతున్నాయో చూడాలి. రాయ్ చాడ్విక్ అని, లాంకాస్టర్ బాంబర్ డిజైన్ చేసిన మహానుభావుడు. 1947 ఆగస్టు 23న ఆవ్రో ట్యూడర్ టెస్ట్ ఫ్లైట్‌లో ఉన్నాడు. ముందు రోజు రాత్రి మెయింటెనెన్స్‌లో అయిలరాన్ కేబుళ్ళు తారుమారు చేసి కలిపారు. లేవగానే పడిపోయింది. అంత పెద్ద డిజైనరు తన కంపెనీ విమానంలోనే పోయాడు.

నల్లకాకి_46
బాబాయి గారూ, అది 1947. ఇప్పుడు అలా జరగదులెండి, డబుల్ ఇన్‌స్పెక్షన్లు ఉన్నాయి.

డాలస్_చిన్నోడు
కాకన్నా, 2018 నవంబర్ 11, ఎయిర్ అస్తానా ఎంబ్రేయర్ 190. లిస్బన్ దగ్గర పెద్ద మెయింటెనెన్స్ చేయించుకుని లేచింది, అయిలరాన్ కేబుళ్ళు తప్పుగా వేసి ఉన్నాయి. విమానం ఎటంటే అటు దొర్లింది. పోర్చుగల్ వాయుసేన ఎఫ్-16లు పక్కన తోడొస్తే చివరికి బేజాలో దించారు. అందులో ఉన్న ఆరుగురూ బతికి బయటపడ్డారు. కంప్యూటర్లున్న జెట్ విమానానికే అలా అయితే మన గుడ్డ విమానం ఎంత?

నల్లకాకి_46
సరే, ఆ పాయింట్ ఒప్పుకున్నా. కానీ అది ఎవరు ఎగరేస్తారు అన్నదానికి జవాబు కాదు. ఎవరు కూర్చున్నా చూసుకోవాల్సిందే.

తోక_చక్రం
నిజమే. చూసుకునే పద్ధతి చెప్తాను: విమానం నడిపే కర్రని (కంట్రోల్ స్టిక్) గుప్పిట్లో పట్టుకుని బొటనవేలు నిటారుగా పెట్టు. కర్ర ఎడమకి వంచితే బొటనవేలు ఎడమ రెక్కని చూపిస్తుంది, ఆ రెక్క అయిలరాన్ పైకి లేవాలి. కుడికీ అంతే. కర్ర వెనక్కి లాగితే ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక) పైకి. ఇదంతా మీరు ఒక్కరే మెడ తిప్పి చూడకుండా, బయట ఇంకొకరు నిలబడి "ఎడమది పైకి వచ్చింది" అని నోటితో చెప్పాలి. పని చేసిన మెకానిక్ కాకుండా వేరే మనిషి అయితే ఇంకా మంచిది. చేసినవాడి కంటికి తాను చేసిందే కనిపిస్తుంది.

గోదారి_గాలి
బాబాయి గారూ, మీ కాళ్ళకి నమస్కారం. ఇప్పుడే హ్యాంగర్ నుంచి వస్తున్నాను. ఎడమ రెక్క బాగానే ఉంది. కుడి రెక్కకి రింగులన్నీ ఉన్నాయి, కన్నం ఒక్కదానికీ లేదు! వేలితో నొక్కితే గుడ్డ డప్పులా బిగువుగా తగిలింది. మెకానిక్‌కి చూపిస్తే ఒక్క క్షణం మాట్లాడలేదు, తర్వాత సోల్డరింగ్ ఐరన్ తెచ్చి వరసగా కాల్చుకుంటూ పోయాడు.

కంట్రోల్సు పెద్దాయన్ని బయట నిలబెట్టి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఇంకోటి, గ్యాస్‌కొలేటర్ (పెట్రోలులో నీళ్ళూ, మురికీ పట్టే గిన్నె) కింద కౌలింగ్ లోపలి వైపు లేత నీలం మరక కనిపించింది, గోరంత. తుడిచాను. ఇది ఏమైనా పెద్ద విషయమా?

రెంచి_రాజు
పెద్ద విషయమే. 100ఎల్‌ఎల్ విమానం పెట్రోలుకి నీలం రంగు కలిపేది ఏ రకమో గుర్తుపట్టడానికి, కానీ కారినా ఆ రంగే పట్టిస్తుంది. పెట్రోలు ఆరిపోయి రంగు మిగిలింది. తుడిచేస్తే సరిపోదు. గిన్నె రబ్బరు సీలు సరిగ్గా కూర్చుందో లేదో చూడు, బిగించి, తుడిచి, రాత్రంతా వదిలెయ్. పొద్దున మళ్ళీ నీలం కనిపిస్తే ఎగరొద్దు.

పనిలో పని, పెట్రోలు పారే వేగం కూడా చూసుకోండి. తోక నేల మీద ఉండగా కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి డబ్బాలోకి వదలండి, ధార మధ్యలో సన్నబడకూడదు. ట్యాంకు మూతకి గాలి కన్నం మూసుకుపోతే మొదట బాగానే పారుతుంది, కాసేపటికి ఆగుతుంది. అందుకని ఓపిగ్గా చూడాలి.

నల్లకాకి_46
నా అనుభవం ఒకటి చెప్తా, స్పీడ్ మీటరుకి గాలి అందించే పిటో గొట్టం గురించి. రెక్క బిగించినప్పుడు పిటో నుంచి వచ్చే సన్న గొట్టం క్యాబిన్ దగ్గర కలపాలి. నా దాంట్లో కలపలేదు. పరిగెత్తుతున్నాను, స్పీడ్ మీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. చక్రాలు లేచాక చూసుకున్నా. టెన్షన్ పడి ముక్కు మరీ దించేస్తే ఇంకోలా అయ్యేది. ముక్కు క్షితిజం మీద ఎక్కడుండాలో గుర్తుంది, గాలి చప్పుడు తెలుసు, అలాగే తిప్పుకుని దించేశాను. అందుకే అన్నాను, మన విమానం మనకు తెలిసినంత...

తోక_చక్రం
కాకి గారూ, మీ కథ నా వాదనకే సాక్ష్యం 😄 స్పీడ్ మీటరు లేకుండా దించగలిగారంటే మీ చేయి అప్పటికి పదును మీద ఉంది. అది గాలి గారికి ఇప్పుడు ఉందా?

అయినా మీ కథలో అసలు పాఠం ఇంకోటి. రన్‌వే మీద పరిగెత్తేటప్పుడే ముల్లు లేచిందా అని చూసి, లేవకపోతే అక్కడే ఆపేయాలి.

నల్లకాకి_46
మా ఆవిడ కూడా అదే అంది.

మబ్బుల_మల్లేశం
నా వైపు నుంచి ఒకే సలహా: చక్రాల కింద నిమ్మకాయలు పెట్టు, కొబ్బరికాయ మాత్రం ప్రొపెల్లర్ దగ్గర కొట్టకు.

పక్క_సీటు
రాహుకాలం చూసుకోండి. ఎఫ్‌ఏఏ రూలు దాటినా ఫరవాలేదు, అమ్మ రూలు దాటలేం.

రెంచి_రాజు
మేడం, ఎఫ్‌ఏఏ రూలు కూడా దాటొద్దు 😅

డాలస్_చిన్నోడు
పైకి వెళ్ళాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగి, మళ్ళీ లేవడం) కొట్టాలా, దూరం పోవాలా?

తోక_చక్రం
సర్క్యూట్లు వద్దు. ప్రతి సర్క్యూట్‌లోనూ పవర్ తగ్గించి దిగాలి, రాజు గారు చెప్పిన రింగులకి అది మంచిది కాదు. దూరమూ వద్దు. ఫీల్డ్ పైనే ఎత్తు తీసుకుని, ఇంజిన్ ఆగినా జారుకుంటూ రన్‌వేకి చేరగలిగే చోట చుట్లు తిరగాలి. ముప్పాతిక పవర్, ఆయిల్ టెంపరేచర్, ప్రెషర్ మీద ఓ కన్ను. ఏ-65కి నూనె వేడి 220 ఫారెన్‌హీట్ దాటకూడదు. మొదటి రోజు స్టాల్స్ (కావాలని వేగం తగ్గించి రెక్కల లిఫ్ట్ పోయేలా చేయడం) లాంటి విన్యాసాలు అక్కర్లేదు. కర్ర వదిలితే ఏ రెక్క వాలుతుందో మాత్రం గమనించండి, రెక్కలు బిగించాక ఇది దాదాపు తప్పదు.

గోదారి_గాలి
ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి. నీలం మరక మళ్ళీ వచ్చింది, గిన్నె సీలు మార్చాం. ఆ తర్వాత రెండు రాత్రులు తెల్ల కాగితం పెట్టి చూశాను, మరక లేదు.

నిన్న పొద్దున గాలి లేని వేళ పెద్దాయనే ఎగరేశాడు. నేను ప్రొపెల్లర్ తిప్పాను, కాబట్టి పూర్తిగా కింద నిలబడి చూసినవాణ్ణి కాదు. ఆయన దిగి ముందు చెప్పిన మాట: "ఇంజిన్ బాగుంది, నీ ఎడమ రెక్క బరువు." కర్ర వదిలితే మెల్లగా ఎడమకి వాలుతోందట. ఫ్లైట్‌ని లాగ్‌లో ఆయనే రాసి సంతకం పెట్టాడు. నూనె ఊహించిన దానికన్నా ఎక్కువే తాగింది.

నేను పక్క ఫీల్డ్‌లో ఒక సైటేబ్రియాలో (ఇదీ టెయిల్‌వీలే) ఇన్‌స్ట్రక్టర్‌తో మొదలుపెట్టాను. మొదటి ల్యాండింగ్ గురించి అడగొద్దు.

రెంచి_రాజు
నూనె సంగతికి కంగారు పడకు, మొదట్లో తాగుతుంది. తగ్గుతూ రావాలి, అది చూడు.

ఎడమ రెక్క వాలితే, ముందు స్లిప్ బంతి (విమానం పక్కకి జారుతోందా అని చూపే మీటరు) మధ్యలో ఉందా అని అడుగు ఆయన్ని. బంతి పక్కకి ఉంటే రెక్క తప్పు కాదు, రడ్డరు (తోక మీది నిలువు పలక). మధ్యలోనే ఉంటే అయిలరాన్లు రెండూ సమానంగా ఉన్నాయా చూసి, అప్పుడు వెనక స్ట్రట్ (రెక్కకి కింద ఊతంగా ఉండే కమ్మీ) జోలికి వెళ్ళండి. ఎడమ వెనక స్ట్రట్ కాస్త పొట్టి చేస్తే ఆ రెక్క వెనక అంచు కిందికి దిగి లిఫ్ట్ పెరుగుతుంది. కాస్తంటే కాస్తే, మెకానిక్ చేతే. మార్చాక మళ్ళీ లాగ్‌లో రాయించు, మళ్ళీ ఒక్కరే ఎగిరి చూడాలి.

బేగంపేట_బాబాయి
పుష్పక్‌లకీ ఇదే తంతు. స్ట్రట్ మర ఒకసారి సగం చుట్టు తిప్పి ఎగరేసి చూడండి బాబూ, ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పేస్తే ఈసారి కుడి వాలుతుంది.

పక్క_సీటు
ఇంతకీ మామగారు?

గోదారి_గాలి
ఆయన టికెట్ వచ్చే ఆదివారానికి. స్ట్రట్ పని అయ్యి, పెద్దాయన ఇంకోసారి తిప్పి, నా ఇన్‌స్ట్రక్టర్ సరేననాలి. ఆ పైన మనిషిని ఎక్కించాలంటే 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు ఉండాలి, టెయిల్‌వీల్‌కి అవి కూడా ప్రతిసారీ పూర్తిగా ఆగాలి. ఆదివారం లోపు అయ్యే పని కాదని ఇంట్లో చెప్పేశాను. నిన్న ఆయన వచ్చి ముందు సీట్లో కూర్చుని ఫోటో తీయించుకున్నారు, రాజమండ్రిలో అందరికీ "నేనే నడిపాను" అని పంపేశారు.

నల్లకాకి_46
ఎడమ రెక్క వాలుతోందని ఆయనకి చెప్పారా?